మార్పిడి సంతలో ఎలుగుపిల్ల

ఇప్పలవాగుకు తూర్పు ఒడ్డున ఒక మంద, పడమటి ఒడ్డున ఒక మంద. రెంటికీ కలిపి మడుగు ఒక్కటే. వానాకాలంలో వాగు నిండుగా పారుతుంది కాబట్టి మడుగు సంగతి ఎవరికీ పట్టదు. ఎండలు ముదిరాక వాగంతా ఇసుక తేలి, ఆ మడుగులోనే కాసిని నీళ్లు నిలుస్తాయి. అవి రెండు మందలకూ చాలవు. ఒకప్పుడు ఆ తగువును కొమ్ములతో, కోరలతో తేల్చుకునేవారు. ఆ పద్ధతిలో నీళ్లు తాగేవాళ్లకంటే నేలకూలేవాళ్లే ఎక్కువవుతున్నారని పెద్దలంతా కూర్చుని, చివరికి బుట్టాట పెట్టారు.

తేనె దింపేవాళ్లు పారేసి పోయిన వెదురు బుట్టలు రెండు దొరికాయి, అడుగు ఊడినవి. వాటిని ఎదురెదురుగా రెండు మద్దిచెట్లకు కట్టారు. గడ్డితో పేనిన బంతి, ఒడ్డుకు ఐదుగురు ఆటగాళ్లు. మాఘమాసం దాటాక ఒక్కటే ఆట. ఎవరు ఎక్కువసార్లు బుట్టలో బంతి వేస్తే ఆ వేసవికి మడుగు వాళ్లది. ఓడినవాళ్లు ఇసుకలో చెలమలు తవ్వుకుని, ఊరినప్పుడు ఊరినంత తాగాలి. రెక్కలున్నవాళ్లకు ఆటలో చోటు లేదు. కాకి అలగకుండా దాన్ని తీర్పరిని చేశారు.

తూర్పు ఒడ్డు జట్టుకు పెద్ద, నక్క కోటిలింగం. పడమటి జట్టుకు పెద్ద, ఎద్దు సోములు. కోటిలింగం తెలివి గురించి చుట్టుపక్కల నాలుగు అడవుల్లో చెప్పుకుంటారు. అందరికంటే ఎక్కువగా చెప్పుకునేది కోటిలింగమే. అంత తెలివీ ఉండి వరసగా రెండేళ్లు ఓడిపోయాడు. తూర్పు మంద రెండు వేసవులు చెలమ నీళ్లతో గొంతు తడుపుకుంది.

"మూడో ఏడు కూడా మాచేత ఇసుక నాకిస్తే ఇంకో పెద్దను చూసుకుంటాం" అని అడవిపంది గంగులు ముఖమ్మీదే అనేశాడు.

కోటిలింగం నవ్వేశాడు గానీ ఆ మాట గుండెల్లో ముల్లులా దిగింది. పెద్దరికం పోయాక నక్కను ఎవరు లెక్కచేస్తారు?

తొలకరి పడి ఆటస్థలం బురదయ్యాక మార్పిడి సంత జరుగుతుంది. ఒక జట్టు ఆటగాణ్ని ఇచ్చి, ఇంకో జట్టు ఆటగాణ్ని తెచ్చుకోవచ్చు. కాకి ముందు మూడుసార్లు "ఇచ్చాను" అంటే అయిపోయినట్టే. మూడు వానాకాలాలు గడిచేదాకా వెనక్కి అడగకూడదు. ఇక సంతలో మాట్లాడే పద్ధతి వేరు. ఇచ్చేవాడు తన సరుకును ఆకాశానికెత్తాలి. తీసుకునేవాడు అదే సరుకును పాతాళానికి తొక్కాలి. "మెచ్చినవాడు కొనడు, కొనేవాడు మెచ్చడు" అని సంత సామెత. కోటిలింగం ఆ విద్యలో ఆరితేరాడు. ఒకసారి తనకు కావలసిన కోతిని పొద్దున్నుంచి పొద్దు గూకేదాకా తిట్టి, చివరికి దాని సొంత తల్లే విసుగెత్తి "తీసుకుపో నాయనా" అనేట్టు చేశాడు.

ఆ ఏడు సంతకు సోములు తన జట్టులో మేటి ఆటగాణ్ని వెంటబెట్టుకొచ్చాడు. వాడు దుప్పి చంద్రం. ఎగిరితే బంతి వాడి కొమ్ముల మీంచి నేరుగా బుట్టలోకి దొర్లేది. తూర్పు జట్టును రెండేళ్లు ఇసుక పాలు చేసింది వాడే. వాణ్ని చూడగానే కోటిలింగం నోట్లో నీళ్లూరాయి, ముఖంలో మాత్రం చిరాకు పులుముకున్నాడు.

"ఏం సోములన్నా, ఈ బక్కదుప్పిని మేపలేక తెచ్చావా?"

"మార్చుకుందామని తెచ్చా తమ్ముడూ. ముందే చెబుతున్నా విను. చంద్రం కుడి మోకాలు బాగోలేదు. పోయిన ఆటలో రాయి మీద దిగాడు. ఈ ఏడు లాగిస్తాడు. పై ఏడు సంగతి నేను చెప్పలేను."

కోటిలింగం చెవులు నిక్కబొడుచుకున్నాయి. ఇచ్చేవాడు తన సరుకుకు తానే వంక పెడుతున్నాడు! ఈ సంత పుట్టాక ఇలాంటి మాట ఎవరన్నా విన్నారా? అంటే ఎద్దుకు వీణ్ని ఇవ్వడం ఇష్టం లేదు. మందలో ఎవరి పోరో పడలేక తెచ్చి, నేను వద్దనేట్టు చేసి తోలుకుపోవాలని చూస్తున్నాడు. ఆ మోకాలు ఇనుప గుండులా ఉండి ఉంటుంది.

"సరేలే, బదులు నీకేం కావాలి?" అన్నాడు ఆవులిస్తూ.

సోములు అటూ ఇటూ చూడలేదు. "ఆ ఎలుగుపిల్లను ఇవ్వు" అన్నాడు.

ఎలుగుపిల్ల పేరు బొద్దు. అప్పటికి వాడికి పది నెలలు. రెండు కాళ్ల మీద నిలబడబోయి వెనక్కి పడటం, లేచి ముందుకు పడటం, ఇంతే వాడికొచ్చిన ఆట. ఆ పూట సంతలో కూడా బురదలో మూడుసార్లు బోర్లాపడ్డాడు. వాడి తల్లి ఎలుగమ్మ మాత్రం "రెండేళ్లు ఓపిక పట్టు కోటిలింగం, నా బిడ్డ నీ జట్టును నిలబెడతాడు" అని రోజూ పోరేది. "ముందు వాణ్ని నిలబడమను తల్లీ, జట్టు సంగతి తర్వాత" అని నక్క రోజూ కసిరేవాడు.

"బొద్దా? వాణ్నేం చేసుకుంటావు అన్నా?"

"వాడి చేతులు చూశావా? పడితే వాడే పడుతున్నాడు గానీ చేతిలో బంతి జారట్లేదు. రెండేళ్లు సాకితే బుట్ట వాడి ముక్కు దగ్గరికొస్తుంది. నీ చోట నేనుంటే ఇవ్వను. ఆలోచించుకో."

కోటిలింగానికి నవ్వు ఆగలేదు. తోక అడ్డం పెట్టుకుని దగ్గినట్టు నటించాడు. మెచ్చినవాడు కొనడు. ఎద్దుకు ఈ పిల్ల అక్కర్లేదన్నమాట. ఇంతగా పొగిడితే నేను ఆశపడి పిల్లను అట్టిపెట్టుకుంటానని, బేరం చెడి దుప్పి తనకే మిగులుతుందని ఎత్తు వేశాడు. గడ్డి తినే బుర్రకు ఈమాత్రం ఎత్తు రావడమే గొప్ప!

"ఇచ్చాను!" అన్నాడు గట్టిగా.

"తొందరపడకు తమ్ముడూ. నాకు అబద్ధం చెప్పడం రాదు."

"ఆ ముక్క చెప్పనివాడు సంతలో ఎవడన్నా ఉన్నాడా అన్నా! ఇచ్చాను, ఇచ్చాను!"

కాకి రెక్కలు కొట్టింది. బేరం ముగిసింది. ఎలుగమ్మ కొడుకును వీపున వేసుకుని ఎద్దు వెనకాలే వాగు దాటింది. ఆమెకు కడుపు మండిపోతోందని అందరికీ తెలుస్తూనే ఉంది. కోటిలింగం మాత్రం ఇంటికి పోతూ "ఇవాళ నా తోక నేనే తొక్కి లేచినట్టున్నాను" అని మురిసిపోయాడు.

ఆ ఏడు తూర్పు జట్టు గెలిచింది. చంద్రం పన్నెండు బంతులు వేశాడు. అటువైపు బొద్దును చివర్లో కాసేపు దింపితే, బంతిని గట్టిగా పట్టుకుని ఎవరికీ ఇవ్వకుండా కూర్చుండిపోయాడు. రెండు ఒడ్లూ కడుపు పట్టుకుని నవ్వాయి. వేసవంతా తూర్పు మంద మడుగులో మునకలేసింది. గంగులు కోటిలింగాన్ని మళ్లీ "పెద్దయ్యా" అని పిలవడం మొదలుపెట్టాడు.

పడమటి మంద చెలమలు తవ్వుకుంది. ఎవరూ సోములును దెప్పకుండా ఉండలేదు. ఆయన పని ఆయనది. పాత బుట్ట ఒకటి తెచ్చి తన మోకాలెత్తున తుమ్మకొమ్మకు కట్టించాడు. బొద్దు ఎద్దు కొమ్ము పట్టుకుని నిలబడి అందులో బంతి వెయ్యాలి. వందసార్లు పడ్డాక బుట్ట ఒక బెత్తెడు పైకి జరిగేది. కొన్నాళ్లకు కొమ్ము వదిలెయ్యమన్నాడు. బుట్ట ఇంకో బెత్తెడు లేచింది. పిల్లవాడు ఏడిస్తే ఆ పూటకు ఆపేవాడు, మర్నాడు మళ్లీ కట్టేవాడు.

మడుగులోంచి ఇదంతా చూస్తూ కోటిలింగం "సోములన్నకు మనవల్ని ఆడించుకునే ఈడొచ్చింది" అని వెటకారం చేసేవాడు.

రెండో వానాకాలం వచ్చింది గానీ వాన సరిగ్గా రాలేదు. సంత రోజున సోములు తనంతట తానే దగ్గరికొచ్చి, "తమ్ముడూ, చంద్రం ఎడం కాలి మీద బరువు మోపి నడుస్తున్నాడు. ఈ నాలుగు నెలలు పడుకోబెట్టు. నీ దగ్గరున్న పిల్లల్ని తయారుచేసుకో" అన్నాడు.

కోటిలింగం తల పంకించాడు. ఎద్దు పడుకోబెట్టమన్నాడంటే పరిగెత్తించాలి. పిల్లల్ని ఉంచుకోమన్నాడంటే వదిలించుకోవాలి. ఆ మధ్యాహ్నమే కణుజు జింకపిల్లనూ, ఇద్దరు మేకపిల్లలనూ సోములుకే ఇచ్చేసి, పేరున్న పాత ఆటగాళ్లు ఇద్దర్ని తెచ్చుకున్నాడు. ఒకడికి పళ్లు లేవు, ఇంకోడికి చూపు ఆనదు. పేర్లు మాత్రం పెద్దవి. ఇక చంద్రాన్ని రోజూ పొద్దున్నే గుట్ట ఎక్కించి దింపేవాడు.

"పెద్దయ్యా, మోకాలు సలుపుతోంది" అన్నాడు చంద్రం ఒకరోజు.

"ఎద్దు నీక్కూడా చెప్పాడా ఆ మాట? నమ్మకు."

"ఎద్దు చెప్పడమేమిటి? మోకాలే చెబుతోంది."

"మోకాలికేం తెలుసు! పద."

మాఘం దాటేసరికే వాగు ఎండిపోయింది. మడుగులో నీళ్లు నడుం లోతుకు దిగాయి. ఈసారి చెలమల్లో ఏమీ ఊరదని తవ్వకముందే అందరికీ తెలిసిపోయింది. ఆట చూడటానికొచ్చిన తల్లులు పిల్లల్ని ముందర కూర్చోబెట్టుకుని బంతి వంకే చూస్తున్నారు.

చంద్రం మొదటి మూడు బంతులూ వేశాడు. నాలుగోసారి ఎగిరి దిగేటప్పుడు కుడికాలు మడత పడింది. మళ్లీ లేవలేదు. కోటిలింగానికి ముందు కోపం వచ్చింది, వెంటనే భయం వేసింది. అతని చోట దింపడానికి వెనక్కి తిరిగి చూస్తే పళ్లులేనివాడు నిద్రపోతున్నాడు, చూపు ఆననివాడు చెట్టును పలకరిస్తున్నాడు. పిల్లలా? పిల్లలంతా ఎదురు జట్టులో చెంగుచెంగున గెంతుతున్నారు.

అప్పుడు బొద్దు లేచి నిలబడ్డాడు. తల్లికంటే బెత్తెడు ఎత్తుగా ఉన్నాడు. మేకపిల్ల విసిరిన బంతిని రెండు చేతులా పట్టి, గూట్లో దీపం పెట్టినట్టు నెమ్మదిగా బుట్టలో పెట్టాడు. అలా పద్దెనిమిదిసార్లు పెట్టాడు. నవ్విన నాపచేనే పండింది. ఈసారి నవ్వడానికి ఎవరికీ నోరు తడిగా లేదు. పడమటి ఒడ్డున ఎలుగమ్మ మాత్రం పట్టలేని సంతోషంతో ఏడ్చింది.

కాకి తీర్పు చెప్పగానే కోటిలింగం ఉరుకుతూ ఎద్దు దగ్గరికి వెళ్లాడు.

"మోసం! నన్ను నిలువునా మోసం చేశావు!"

"ఏం మోసం తమ్ముడూ? దుప్పి మోకాలి గురించి నీకు చెప్పానా లేదా?"

"చెప్పావు."

"ఈ పిల్లవాడు ఇలా ఎదుగుతాడని చెప్పానా?"

"చెప్పావు! ఇచ్చేవాడు వంక పెడతాడా? తీసుకునేవాడు మెచ్చుకుంటాడా? సంతలో నిజం చెబుతారని నేనెలా అనుకుంటాను? అదే మోసం!"

పోట్లాడాలని సోములుకు లేదు. తూర్పు ఒడ్డున చెమ్మ కోసం ఆకులు నాకుతున్న పిల్లల వంక చూసి అన్నాడు.

"పోనీలే. ఈ ఏడు కాలం బాగోలేదు. పొద్దు వాలేవేళకు మీవాళ్లందర్నీ తోలుకురా. మడుగులో ఉన్నది అందరం పంచుకుందాం."

"బదులు ఏమివ్వాలి?"

"ఏమీ వద్దు."

"షరతు?"

"లేదు."

కోటిలింగం గబగబా వెనక్కి వచ్చి మందను పోగుచేశాడు. "ఎవరూ కదలకండి. నీళ్లకు రమ్మన్నాడు. షరతు లేదన్నాడు. ఏమీ లేదన్నాడంటే చాలా పెద్దదే ఉంది. మన చెలమ మనం తవ్వుకుందాం."

గంగులు అతణ్ని ఎగాదిగా చూశాడు. "పెద్దయ్యా" అని మాత్రం అనలేదు. పిల్లల్ని ముందు పెట్టుకుని వాగులోకి దిగాడు. వెనక మేకలు, వాటి వెనక కుంటుకుంటూ చంద్రం. పళ్లులేనివాడు కూడా లేచి, చూపు ఆననివాడికి దారి చూపిస్తూ వెళ్లాడు.

కోటిలింగం ఒక్కడే ఇసుక తవ్వుతూ ఉండిపోయాడు. మోచెయ్యి లోతు తవ్వాడు, భుజం లోతు తవ్వాడు. చెమ్మ తగల్లేదు. కాకి వచ్చి గట్టు మీద వాలింది.

"నేను ఇప్పుడే తాగొచ్చాను కోటిలింగం. నీళ్లు చల్లగా ఉన్నాయి. నీ చోటు నీకు ఉంచారు."

కోటిలింగం తల ఎత్తి, ఎండిన పెదవులతోనే నవ్వాడు. "ఎద్దు నిన్ను కూడా పంపాడన్నమాట" అని మళ్లీ తవ్వసాగాడు.

ప్రతి నిజంలోనూ ఎత్తు వెతికేవాణ్ని ముంచడానికి ఎవరూ ఎత్తు వెయ్యక్కర్లేదు.