బ్రేకు మీద కాలు

బ్రిటిష్ వైమానిక దళం నుంచి రెండేళ్ల పైలట్ల మార్పిడి మీద జర్మన్ స్క్వాడ్రన్‌కి వచ్చిన గ్యారెత్ పెల్లోకి మూడు రోజులుగా విమానం ఇవ్వడం లేదు.

అంతకు ముందురోజు అతను దింపిన జెట్ టైరు పేలి, రన్‌వే పక్కనున్న గడ్డిలోకి దూసుకుపోయింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. "బ్రేకు దానంతటదే పట్టేసింది" అని రిపోర్టులో రాసి సంతకం పెట్టాడు పెల్లో. చక్రం నేలను తాకేసరికే తన కాలు బ్రేకు మీద ఉందని అతనొక్కడికే తెలుసు. పరాయి పైలట్ల ముందు, అదీ కొత్తగా నేర్చుకునేవాడు చేసే తప్పు చేశానని ఎలా ఒప్పుకుంటాడు?

పొద్దున్నే మేజర్ లిండ్నర్ గదికి వెళ్లాడు. ఈ విమానాల మీద పెల్లోకి ఓనమాలు దిద్దించిన గురువు ఆయనే.

"సార్, నన్నెప్పుడు ఎగరనిస్తారు?"

"బ్రేకులో లోపం దొరకగానే."

"దొరక్కపోతే?"

లిండ్నర్ కుర్చీలోంచి లేచాడు. "రా," అన్నాడు.

హ్యాంగర్‌లో, ఆ జెట్ చక్రాలు చూసే మెకానిక్ యోస్ట్ దాని రెక్క కింద మోకాళ్ల మీద కూర్చుని ఉన్నాడు. తల నెరిసిన మనిషి. ముందు పరిచిన గుడ్డ మీద, విప్పిన బ్రేకు ముక్కలు వరసగా ఉన్నాయి. రెండు వేళ్లకు కట్లు కట్టుకున్నాడు.

లిండ్నర్ ఒక టార్చి తీసి పెల్లో చేతిలో పెట్టాడు. "ఆయనకి వెలుగు చూపించు." తను నేల మీద చతికిలబడి, ఒక్కో ముక్కా తుడిచి అందించసాగాడు.

"మూడోసారి విప్పాను సార్," అన్నాడు యోస్ట్, పెల్లో వైపు తలెత్తకుండా. "ఏమీ కనిపించడం లేదు. ఇరవై ఆరేళ్లుగా ఇదే పని. నా చేతి పొరపాటుకి మీ ప్రాణం పోయేది. ఇక చక్రాల పని నాకు వద్దని అర్జీ రాసిచ్చేశాను. మీరు నన్ను క్షమించాలి."

పెల్లో చేతిలోని టార్చి పక్కకి వాలింది.

"కొంచెం ఎడమకి సార్. వెలుగు పక్కకి పోతోంది."

ఎడమకి జరిపాడు. కట్లు కట్టిన వేళ్లు వెలుగులోకి వచ్చాయి.

"యోస్ట్ గారూ, ఇక వెతక్కండి." పెల్లో టార్చి ఆర్పేశాడు. "బ్రేకు బాగానే ఉంది. దాని మీద నా కాలుంది. అబద్ధం రాశాను."

యోస్ట్ చేతిలోని ముక్కని గుడ్డ మీద దాని చోట పెట్టాడు. పెల్లో వైపు తలెత్తాడు.

"మూడు రోజులు సార్," అన్నాడంతే. లేచి చేతులు కడుక్కోవడానికి వెళ్లిపోయాడు.

పెల్లో లిండ్నర్ వైపు తిరిగాడు.

"మీకు ముందే తెలుసా?" అని అడిగాడు.

"నిన్న సాయంత్రం ఆ టైరు చూశాక తెలిసింది."

"మరి నన్ను పిలిచి అడగలేదేం సార్?"

లిండ్నర్ ఇంకో ముక్క తుడుస్తూ అన్నాడు:

"అడిగితే నాకొక్కడికే చెప్పేవాడివి."