తోడు ముంత

ఇందీవర రాసిన ప్రోగ్రాం పనంతా చక్కగా చేసేది. చివర్లో మూసేటప్పుడు మాత్రం టపీమని చచ్చేది. సాయంత్రం నాలుగింటికి దాన్ని ఓ రక్తపరీక్షల ల్యాబ్ వాళ్ళకి చూపించాలి. నచ్చితే ఆ పిల్లకి మొదటి ఉద్యోగం.

కాకినాడలో నా మెస్సు పైవాటాలో యజ్ఞనారాయణ మాస్టారు ఇందీవరలాంటి పిల్లలకి ఈ ప్రోగ్రాములు నేర్పుతారు. నేను చదివింది నాలుగో తరగతి. పైకెళ్ళి వడ్డించేటప్పుడు చెవిన పడ్డదే చెబుతున్నా.

వేరేవాళ్ళు రాసిపెట్టిన సరుకుని లైబ్రరీ అంటారట. అది కంప్యూటర్లో మనకి కాస్త జాగా ఇస్తుంది. పనయ్యాక ఆ జాగా ఖాళీ అయిపోవాలి.

"నేనెక్కడా చెత్త మిగల్చను మాస్టారూ. అదిచ్చిన జాగా కూడా నా చేత్తోనే తుడిచేశాను. తప్పు లైబ్రరీదే" అంది ఇందీవర. ఆ పిల్లకి గొప్ప కాస్త ఎక్కువే.

మాస్టారు భోజనాలయ్యాక పెరుగు ముంత ఆ పిల్ల చేతిలో పెట్టి, కింద పిన్నిగారికి, అంటే నాకు, ఇచ్చి రమ్మన్నారు.

తెచ్చింది. సబ్బుపొడేసి, పీచుతో తోమి, లోపల చుక్క లేకుండా. పైగా నేను మెచ్చుకుంటానని నిలబడింది.

నాకు ఒళ్ళు మండింది. "ఎవరు కడగమన్నారే? అడుగున తోడుంచి పంపుతారు మాస్టారు. మా ఆయన పోయిన ఏడు పెట్టాను ఈ మెస్సు. పంతొమ్మిదేళ్ళలో ఒక్కరోజు పక్కింటి గడప తొక్కి తోడడగలేదు. అయినా మట్టిముంతకి సబ్బేంటి?"

"శుభ్రం చేసే ఇచ్చాను కదా పిన్నిగారూ."

"నీ శుభ్రం ఎవరిక్కావాలి? ముంత నాది. ఎలా కడగాలో నాకు తెలుసు."

మెట్ల మీద మాస్టారు నిలబడున్నారు, చేతిలో కొత్త ముంత. పొద్దున్నే వచ్చి, ఇవాళ్టికి తోడు వేరే గిన్నెలో కూడా తీసిపెట్టుకోమ్మా అని ఎందుకన్నారో అప్పుడర్థమైంది నాకు.

"మరి లైబ్రరీ ముంత ఎవరు కడిగారమ్మా?" అన్నారాయన.

ఇందీవర రెండేసి మెట్లెక్కి పైకి పోయింది.

తన తుడుపు తీసేసి, జాగా వెనక్కి తీసుకోమని ఆ లైబ్రరీకే చెప్పిందట. నాలుగింటికి ప్రోగ్రాం చప్పుడు లేకుండా మూసుకుంది. ల్యాబ్ వాళ్ళు సోమవారం నించి రమ్మన్నారు.

మర్నాడు ముంత రెండు చేతులా పట్టుకుని దిగింది. అడుగున తోడు, అంచుకి మీగడ, అన్నీ ఉన్నవున్నట్టే. నా చేతికిచ్చి వెళ్ళిపోయింది.

నేర్పింది మాస్టారేనంటారు అందరూ. ముంత మాత్రం నాది.