కొండ అందం కనబడే చోటు

వసంతకేతు మహారాజుకి ఇప్పకొండ అంటే ప్రాణం. అక్కడి అడవి కొట్టించి, కొండమీదే మేడ కట్టుకోవాలని ఆయనకు కోరిక పుట్టింది. ఒకరోజు కొండకు వెళ్లి, అక్కడ తేనె పట్టే గురవమ్మను పిలిచాడు.

"అవ్వా, ఈ కొండ అందమంతా కనబడే చోటు చూపించు. అడవి కొట్టించి అక్కడే మేడ కట్టిస్తాను."

పుట్టి పెరిగిన అడవి పోతుందని గురవమ్మకు దిగులేసింది. అయినా సరేనని ముందు నడిచింది. కొండ ఎక్కకుండా కిందికి దిగి, ఊరు దాటి, రాజుగారిని ఆయన మేడమీదికే తీసుకొచ్చింది.

"ఇది నా మేడే కదా!" అన్నాడు రాజు ఆయాసపడుతూ.

"ఇక్కడినుంచి చూసే కదా దొరా, మీరు కొండమీద మనసుపడ్డారు! అక్కడ మేడ కడితే, అందులో కూర్చున్నవాళ్లకి కొండ కనబడదు. ఇక్కడినుంచి చూసేవాళ్లకి మేడే కనబడుతుంది."

రాజు పచ్చటి కొండను చాలాసేపు చూసి నవ్వేశాడు. ఆ అడవిలో ఎవరూ చెట్టు కొట్టకూడదనీ, ఇల్లు కట్టకూడదనీ, ఇకమీదట అది ప్రజలందరిదనీ చాటింపు వేయించాడు.

"మరి నాకేం మిగిలింది అవ్వా?" అన్నాడు మూతి ముడుచుకుని.

"ఆ అందరిలో మీరు లేరా దొరా? తేనె తీసేనాడు రండి, చెట్టుకింద కూర్చోబెట్టి పెడతాను" అంది గురవమ్మ.