సుందరాంబ గారి బల్ల

ప్రశ్న అడిగినవాణ్ణి వెంటబెట్టుకుని ఎక్కడికో ఒకచోటికి నడిపించడం పేరిశాస్త్రి మాస్టారికి అలవాటు. అందుకే మోకాళ్ల నొప్పులున్న శిష్యులకు సందేహాలు రావు.

దాలినాయుడికి వచ్చింది. అతను నవల రాస్తున్న సంగతి ఊరందరికీ తెలుసు. ఆ నవలకే ఇంకా తెలిసినట్టు లేదు.

"ప్రశాంతత లేనిచోట గొప్ప రచన పుడుతుందా మాస్టారూ? ఇంట్లో పిల్లాడి ఏడుపు, పైడమ్మ సణుగుడు. అందుకే నవల అయ్యేదాకా తల్లీబిడ్డల్ని పుట్టింటికి పంపేస్తున్నాను. రేపు పొద్దున్నే బస్సు."

పైడమ్మ పెట్టె సర్దేసింది కూడా. "నవలయ్యాక రమ్మన్నాడమ్మా. అంటే మావాడి పెళ్లికి వస్తాం కాబోలు" అని పక్కింటావిడతో నవ్వుతూ చెప్పి, లోపలికెళ్లి కళ్లు తుడుచుకుంది.

మాస్టారు అతన్ని పట్నం తీసుకెళ్లి సుందరాంబ గారి ఇల్లు చూపించారు. ఆ మహారచయిత్రి పోయాక దాన్ని మ్యూజియం చేశారు. గుమ్మం దగ్గరే 'నిశ్శబ్దం పాటించండి' అని బోర్డు. లోపల అడ్డంగా కట్టిన తాడుకు అవతల కుర్చీ, బల్ల. ఆవిడ నవలలన్నీ ఆ బల్ల మీదే పుట్టాయి. దాలినాయుడికి ఒళ్లు పులకరించింది. దేవుడి ముందు కూడా తొందరగా లేవని చేతులు వాటంతటవే లేచాయి.

"చూశారా, చీమ చిటుక్కుమన్నా వినబడేట్టుంది! ఇలాంటి గది ఉంటే నేనూ రాయనా?"

"కొంచెం పైకి చూడు. తర్వాత బల్ల కిందికి చూడు."

పైన దూలానికి ఉయ్యాల కొక్కేలు, అరిగి నున్నగా ఉన్నాయి. బల్ల కింద అడ్డకర్రకు తాడు ఒరిసి ఒరిసి పడిన గాడి. అదేమిటో దాలినాయుడికి ఒకరు చెప్పనక్కర్లేదు. వంట చేసేటప్పుడు పైడమ్మ ఉయ్యాల తాడు తెచ్చి అతని కాలి బొటనవేలికే కడుతుంది. ఆ తాడు వల్లే నవల సాగడం లేదని అతను ఊరంతా చెప్పుకున్నాడు. గాడి చూస్తే వేలు పట్టేంత లోతుంది. ఆ కాలు ఎన్నేళ్లు ఊపిందో, ఆ చెయ్యి ఎన్ని పేజీలు రాసిందో!

దాలినాయుడు గబగబా బయటికొచ్చి చెప్పులేసుకుంటూ, "ఇవాళే తిరుగు బస్సుందా మాస్టారూ?" అన్నాడు. రెండడుగులు వేసి మళ్లీ ఆగాడు. "అయినా, అంత గోలలో ఆవిడ ఎలా రాశారు?"

మాస్టారు బోర్డు వైపు చూశారు.

"ఇప్పుడా గదిలో ఏ గోలా లేదు నాయుడూ. ఎవరూ రాయడమూ లేదు."