పైడమ్మ గొంతు

అక్షరానికి వెలుగునూ, నాదానికి ప్రాణాన్నీ ప్రసాదించే పలుకుతల్లికి ప్రణమిల్లి చెప్పే ఈ కథ, చేతివేగమే నేర్పు అని నమ్మిన సుధన్వది.

విజయనగరంలోని ఒక జానపద గానభాండాగారంలో సుధన్వ అనే కంప్యూటర్ నిర్వాహకుడు ఉండేవాడు. బుద్ధిమంతుడే గాని, ఇంటర్నెట్టులో దొరికిన కమాండునల్లా చదవకుండానే వాడేసేవాడు. "ఎవరో కష్టపడి రాసిపెట్టారు. మళ్ళీ నేను కష్టపడటమెందుకు?" అని నవ్వేవాడు.

ఒకనాడు భాండాగారపు పాత సర్వరు పాడైపోయింది. పల్లెపల్లెకూ తిరిగి సేకరించిన పాటలన్నీ ఒక్క బ్యాకప్ డిస్కులో మాత్రమే మిగిలాయి. వాటిని కొత్త సర్వరులోకి చేర్చే పని సుధన్వ మీద పడింది. ఆ సాయంత్రమే అప్పలనరసమ్మ అనే వ్యవసాయకూలీ రాబోతున్నది. ఏనాడో గతించిన ఆమె తల్లి పైడమ్మ పాడిన వరినాట్ల ఊడ్పుపాటలు ఆ డిస్కులో ఉన్నాయి. ఆ గొంతు మరెక్కడా లేదు. "ఒక్కసారి అమ్మ గొంతు వినిపించండి బాబూ" అని కూతురు ఫోనులో బతిమాలుకొంది.

సుధన్వ ఇంటర్నెట్టులో వెతికాడు. సర్వరునూ డిస్కునూ ఒకేలా చేసే చిట్కా ఒకటి కనిపించింది. ఆ కమాండును తెచ్చి, అందులో తన సర్వరు పేరూ, డిస్కు పేరూ నింపాడు.

పక్క బల్ల దగ్గరి సహోద్యోగిని నీలవేణి తొంగిచూసి, "కింద రాసిన వివరణ చదివావా?" అని అడిగింది.

"వేలమంది మెచ్చుకొన్నారక్కా! మీరు అన్నం తినేముందు మెతుకు మెతుకూ పరీక్షిస్తారా?"

"నేను వండుకొన్నదైతే పరీక్షించను. ఇది ఎవరు వండారో నీకు తెలుసా? ఆ కమాండుకు, ఇది ఉత్త పరీక్షేనని చెప్పే ఒక్క మాట చేర్చు. దేన్నీ ముట్టుకోకుండా, ఏం చేయబోతోందో ముందుగా చూపిస్తుంది."

"మీకు ముహూర్తం చూడనిదే కాలు కదలదు" అంటూ సుధన్వ మీట నొక్కాడు.

పని రెప్పపాటులో ముగిసింది. "చూశారా!" అని చిటిక వేశాడు.

నీలవేణి నవ్వలేదు. "అన్ని పాటలూ ఇంత త్వరగా ఎలా వచ్చాయి, సుధన్వా?"

అతడు కొత్త సర్వరును తెరిచి చూశాడు. ఖాళీ. డిస్కును తెరిచాడు. అదీ ఖాళీ. అప్పుడు చదివాడు వివరణ. ఆ కమాండు సర్వరులో ఉన్నవాటికి డిస్కులో నకలు తీసేది. సర్వరులో లేనివాటిని డిస్కులోనూ చెరిపివేసేది. కొత్త సర్వరులో ఏమీ లేదు గనుక, డిస్కులోనూ ఏమీ మిగల్చలేదు. చెరిగినవాటిని వెలికితీసే ఉపాయాలన్నీ ఇద్దరూ ప్రయత్నించారు. పాటల పేర్లు తిరిగివచ్చాయి. నాదం రాలేదు.

సాయంత్రం అప్పలనరసమ్మ పండుగచీర కట్టుకొని వచ్చింది. సుధన్వ నోరు తెరిచేలోపే హెడ్‌ఫోన్ చెవులకు పెట్టుకొని, కళ్ళు మూసుకొని కూర్చొంది. కాసేపటికి, "ఏటీ వినబడట్లేదు బాబూ" అంది.

యంత్రం చెడిందన్న మాట సుధన్వ నాలుక చివరిదాకా వచ్చింది. అనలేకపోయాడు. "వినబడదమ్మా. మీ అమ్మగారి గొంతును నా తొందరతో నేనే చెరిపేశాను" అన్నాడు.

ఆమె హెడ్‌ఫోన్ మెల్లగా తీసి బల్లమీద పెట్టింది. "అమ్మ పాటలన్నీ నాకొచ్చు బాబూ. అమ్మ గొంతే నాకు రాదు" అంది.

ఆనాటినుంచి సుధన్వ ప్రతి కమాండునూ అక్షరమక్షరమూ చదివేవాడు. పరీక్షించి చూడనిదే మీట నొక్కేవాడు కాడు. అయినా ఏ జాగ్రత్తా పైడమ్మ గొంతును తిరిగి తేలేదు.

ఇతరులిచ్చిన ఉపాయాన్ని అర్థం తెలుసుకొన్నాకే వాడాలి. పోతే తిరిగి రానిదాని మీద తొందరపాటుతో చేయి వేయరాదు. ఈ కథ విన్నవారందరి చేతులకూ నిదానమూ, వారు కాపాడే సంపదలకు చిరాయువూ కలుగుగాక!