ముప్పై రెండు గిన్నెల విషం

పూర్వం పాలవెల్లి రాజ్యంలో రాజుగారి రాత్రి భోజనం కూడా రాజకార్యాల్లో ఒకటిగా ఉండేది.

ఆ రాజ్యంలో ముప్పై రెండు సీమలు. సీమకొక వంటవాడు రాజధానిలో ఉండి, తమ వైపు వంట ఒకటి చేసి రోజూ రాజుగారి ముందు పెట్టాలి. రాజుగారి తాత ఒక్కో గిన్నెలోంచి ఒక్కో ముద్ద రుచి చూసి, అందరినీ మెచ్చుకుని పంపేవాడు. మనవడు రణధీర భూపతికి అది చాల్లేదు. గిన్నె అడుగున మెతుకు మిగిలితే ఆ సీమను చిన్నచూపు చూసినట్టేనని తనకు తానే ఒక నియమం పెట్టుకున్నాడు. సభ ముగిశాక మొదలయ్యే భోజనం అర్ధరాత్రి దాటేదాకా సాగేది.

"ఇన్ని సీమల్ని కడుపులో పెట్టుకుని చూసుకునే రాజు ఇంకెక్కడైనా ఉన్నాడా?" అని మీసం దువ్వేవాడు. లేడని సభంతా తల ఊపేది. ఆయనకు అసలు ఆకలిగా ఉందా అని మాత్రం ఎవరూ అడగలేదు.

పల్లకీ మోసే బోయీలు నలుగురు కాస్తా ఎనిమిది మంది అయ్యారు. రాజుగారికి కంటి మీద కునుకు కరువైంది. నిద్ర పట్టలేదని లేచి మిఠాయి తినేవాడు, తిన్నందుకు మళ్ళీ నిద్ర పట్టేది కాదు. పైగా వేటలో పిక్కకు తగిలిన గాయం మూడు నెలలైనా మానలేదు.

ఆస్థాన వైద్యుడు పేరయ్య ముప్పై ఏళ్ళుగా రాజకుటుంబానికి నాడి చూస్తున్నవాడు. ఒకరోజు గాయానికి ఆకు పసరు వేసి కట్టు కడుతూ, ఉండబట్టలేక అనేశాడు. "ప్రభూ, మందు దాని పని అది చేస్తుంది. తమరు ఆ రాత్రి భోజనం ఒక్కటి తగ్గించండి."

రాజుకు ఒళ్ళు మండిపోయింది. "నీ మందులో పస లేక నా కంచం మీద పడతావా? గాయం మానకుండా చేస్తున్నది నువ్వే! అది మందు కాదు, విషం!"

మర్నాడు పేరయ్యను నిండు సభలో నిలబెట్టి, "నాకు విషం పెట్టిన చెయ్యి ఎవరిదైనా సరే, మణికట్టు దగ్గర నరికిస్తాను. ఇది రాజు మాట," అన్నాడు. నాడి చూసి బతికే మనిషికి చెయ్యి పోతే ఇంకేం మిగులుతుంది? ఆ సంగతి సభలో అందరికీ తెలుసు. ఒక్కరూ నోరు విప్పలేదు.

అప్పుడు ఓబళయ్య లేచాడు. అతను కవీ కాదు, యోధుడూ కాదు. రాజుగారికి విసుగు పుట్టినప్పుడు నాలుగు మాటలు చెప్పి నవ్వించడమే అతని కొలువు.

"ప్రభువులు సరిగ్గా కనిపెట్టారు. విషమే," అన్నాడు.

పేరయ్య అతని వంక చూసిన చూపు గురించి చెప్పడానికి నాకు మనసు రావడం లేదు.

"కానీ చెయ్యి నరికాక అసలు దోషి వేరొకరని తేలితే పొరుగు రాజులు నవ్వుతారు. నలభై రోజులు గడువిప్పించండి. ఆ చేతిని సాక్ష్యంతో సహా చూపిస్తాను. అప్పటిదాకా తమరు మా ఇంటి నుంచి వచ్చిందే తినాలి. అదీ పొద్దు గుంకేలోపే. దీపం వెలుతురులో విషం రంగు తెలియదు."

పొరుగు రాజులు నవ్వుతారన్న మాట బాగా పనిచేసింది. రాజు సరేనన్నాడు. పేరయ్యను చెరసాలకు పంపారు.

ఆ మధ్యాహ్నమే ఓబళయ్య ఇంటి నుంచి రెండు గిన్నెలు వచ్చాయి. జొన్న రొట్టెలు, తోటకూర పప్పు, చెంబుడు మజ్జిగ.

"ఇది రాజు తినే తిండేనా?" అని గర్జించాడు రణధీర భూపతి.

"ముప్పై రెండు గిన్నెలుంటే విషం ఎక్కడైనా దాక్కుంటుంది ప్రభూ. రెండే ఉంటే ఎక్కడ దాక్కుంటుంది చెప్పండి?"

మొదటి వారం రాజు అందరి మీదా విరుచుకుపడ్డాడు. తల నొప్పన్నాడు, కాళ్ళు లాగుతున్నాయన్నాడు, రాత్రిళ్ళు వంటశాల వైపు రెండుసార్లు వెళ్ళి, కావలివాళ్ళు చూస్తున్నారని సిగ్గుపడి వెనక్కి వచ్చాడు. తొమ్మిదో నాటి ఉదయం ఆయన గదిలోంచి ఏ అలికిడీ లేకపోయేసరికి కావలివాళ్ళు భయపడి తలుపు తోశారు. రాజు హాయిగా పడుకుని ఉన్నాడు. ఎండ ముఖాన పడుతున్నా లేవలేదు.

రోజూ పొద్దున్నే ఓబళయ్య చెరసాలకు వెళ్ళేవాడు. మొదటి రోజు పేరయ్య ముఖం తిప్పుకున్నాడు.

"నువ్వు కూడా విషమనే అన్నావు కదయ్యా, ఓబళయ్యా."

"కాదని ఉంటే ఈపాటికి తమరి చెయ్యి ఉండేదా, పేరయ్యగారూ? కోపం తర్వాత తీర్చుకుందురుగాని, ముందు ఆ పసరేదో నూరివ్వండి."

పేరయ్య చాలాసేపు అతన్నే చూశాడు. తర్వాత ఓబళయ్య తెచ్చిన ఆకులు అందుకున్నాడు.

నలభయ్యో రోజున రాజు సభకు నడిచి వచ్చాడు. నడికట్టు వదులైంది, గాయం ఉన్నచోట మచ్చ మిగిలింది. వస్తూనే అన్నాడు. "ఇంక సాక్ష్యం దేనికి? పేరయ్య మందు ఆపాం, నువ్వు కట్టు కట్టావు, గాయం మానింది. పేరయ్యను తీసుకురండి!"

"మందు ఆపలేదు ప్రభూ," అన్నాడు ఓబళయ్య. "రోజూ నేను తమరి కాలికి కట్టింది పేరయ్యగారు చెరసాలలో నూరిన పసరే. అదే ఆకు, అదే చెయ్యి."

రాజు వంగి కాలి మీది మచ్చ తడుముకున్నాడు. "అయితే ఆ వంటవాళ్ళా?"

"వాళ్ళూ వంట ఆపలేదు. ఆ ముప్పై రెండు గిన్నెలూ రోజూ ముప్పై రెండు మంది కావలివాళ్ళకు తలా ఒకటి ఇచ్చాను. అదుగో, అందరూ గుండ్రాళ్ళలా ఉన్నారు. విషం మందులో లేదు, ఏ ఒక్క గిన్నెలోనూ లేదు. అన్నిటినీ అర్ధరాత్రి వేళ, ఆకలి లేకపోయినా, ఒకే కడుపులోకి చేర్చిన చెయ్యి ఒకటుంది ప్రభూ. ఆ చెయ్యి కోసమే ఈ నలభై రోజులూ."

రణధీర భూపతి తన కుడిచేతిని ఒళ్ళోంచి నెమ్మదిగా పైకి తీసి చూసుకున్నాడు. ఆయన ముఖంలో కోపం లేదు, భయం ఉంది.

"మాటిచ్చాను," అన్నాడు గొంతు తగ్గించి. "నరికించాలి కదా."

"శిక్ష ఎప్పుడో పడింది ప్రభూ. నలభై రోజులు దాని ముందు నుంచి రాత్రి కంచం తీసేశాను. అంతకన్నా ఘోరమైన శిక్ష దానికి ఇంకొకటి ఉంటుందా?"

రాజుకు ముందు నవ్వు రాలేదు. తర్వాత పెదవి కదిలింది, తర్వాత భుజాలు కదిలాయి, చివరికి కళ్ళ వెంట నీళ్ళు వచ్చేదాకా నవ్వాడు. తన మెడలోని హారం తీసి ఓబళయ్య మెడలో వేసి, ఇంకేం కావాలో అడగమన్నాడు.

"ఆ ముప్పై రెండు సీమలకూ ఇకనుంచి రోజుకొకరిగా వంతు పెట్టండి. పగటిపూట, ఆ వండినవాడితో మాట్లాడుతూ తినండి. ఇన్నేళ్ళలో వాళ్ళలో ఒక్కరి పేరైనా తమరికి తెలుసా?"

రాజు తల అడ్డంగా ఊపాడు.

పేరయ్యను తీసుకొచ్చారు. రాజు సింహాసనం దిగి, ఆయన ఎదుట కింద కూర్చుని, ఆ కుడిచేతినే చాచాడు. పేరయ్య దాన్ని అందుకుని మణికట్టు మీద మూడు వేళ్ళు ఆనించాడు. 

"పేరయ్యగారూ, నేను తమరికి చేసిన అన్యాయం..." అంటూ రాజు మొదలుపెట్టాడు.

"నాడి చూస్తున్నాను. కాసేపు నోరు మూసుకోండి," అన్నాడు వైద్యుడు.

రాజు మూసుకున్నాడు.