మబ్బు ఇల్లు వదిలిన రోజు

ఒకప్పుడు, మబ్బుకి కూడా సొంత ఇల్లున్న కాలంలో, అది ఓ గుట్ట మీది గుహలో కాపురముండేది. పొద్దున లేచి గుమ్మంలోనే వాన కురిపించేది, సాయంత్రమూ గుమ్మంలోనే కురిపించేది. అడుగు బయట పెట్టేది కాదు. గుట్టంతా నాచు, బురద. వేసిన జొన్న వేసినట్టే కుళ్లిపోయేది. అయినా మబ్బుకి ఆ ఇల్లంటే ఎంత మురిపెమో.

కింద మైదానంలో మాత్రం చినుకు లేదు. ఆ ఎండలోనే బీరవ్వ అనే గొర్రెల కాపరి మందను తోలుకుంటూ తిరిగేది. ఆమె కనబడితే చాలు, ఊరివాళ్లు "అగో, దిమ్మరి వచ్చింది" అనేవారు.

మబ్బు చెవిన ఆ మాట పడింది. "దిమ్మరి అంటే ఏంది, బీరవ్వా?" అని గుమ్మంలోంచే అడిగింది.

"ఇల్లూ వాకిలీ లేనోళ్లను అంటరు" అంది బీరవ్వ. "పోరడు బువ్వ యాళ్లకు ఇంటికి రాకుంటే తల్లి గూడ అంటది. గని అండ్ల ముద్దుంటది. నన్ను అన్నప్పుడు ఉండదు."

మబ్బుకి భయమేసింది. ఆ మాట తనమీద పడితేనో? రెండడుగులు లోపలికి జరిగింది. "మరి తిరుగుడు మానరాదు?" అంది.

"ఎట్ల మానుత? ఒక్కో చేన్ల రెండు రాత్రులు మంద పెడత. గొర్రెల ఎరువుకు చేను బలపడతది. మూడో రాత్రి గూడ ఉంటే ఎరువెక్కువై పైరు మాడుతది. అందుకే లేచిపోత." బీరవ్వ తలెత్తి చూసింది. "నీళ్లు లేక నా గొర్రెపిల్లలు సస్తున్నయి. ఒక్కసారి కిందికి రా."

"రాను. నన్నూ దిమ్మరి అంటరు."

బీరవ్వ మందను తోలుకుని వెళ్లిపోయింది. మబ్బుకి మాత్రం కుదురు పోయింది. కూర్చుంటే లేవబుద్ధి, లేస్తే కూర్చోబుద్ధి. కిందనుంచి గొర్రెపిల్లల అరుపులు. మర్నాటికి ఆ అరుపులు సన్నబడ్డాయి. మూడోనాడు ఒక్క గొంతే వినబడింది. ఇక ఆగలేక మబ్బు ఉన్నపళాన బయటికి పరుగెత్తింది.

మైదానం మీద దబదబా కురిసింది. సొమ్మసిల్లి పడివున్న గొర్రెపిల్లలు లేచి నిలబడి గుంటల్లో నీళ్లు తాగాయి. జనం కుండలూ బిందెలూ తెచ్చి వాకిట్లో పెట్టారు. మబ్బుకి ఒళ్లు తెలియని సంతోషం. "ఇక్కడే ఇల్లు కట్టుకుంట" అంది.

"నువ్వొచ్చి రెండు దినాలైంది" అంది బీరవ్వ మెల్లగా. "గిన్ని నీళ్లు చాలు. ఇంక కురిస్తే చేను కొట్టుకపోతది. లే."

"సరే, నా ఇంటికే పోత" అని మబ్బు గుట్టవైపు తిరిగింది. అక్కడ ఎన్నడూ లేనిది ఎండ పడుతోంది. నాచు ఆరి, జొన్న మొలకలు తలెత్తుతున్నాయి. తాను వెళ్లి కూర్చుంటే అవి మళ్లీ కుళ్లుతాయి. మబ్బు అలాగే చూస్తూ నిలబడింది. దానికి ఏడుపొచ్చింది. చివరికి ముఖం తుడుచుకుని, వాన కోసం పిలుస్తున్న పక్క ఊరివైపు కదిలింది.

అప్పటినుంచే మబ్బుకి ఇల్లు లేదు. ఎక్కడా కుదురుగా నిలవదు, కురిసి వెళ్లిపోతుంది. అయినా దాన్ని ఎవరూ దిమ్మరి అనరు, ఎప్పుడొస్తుందా అని ఆకాశంకేసి చూస్తారు. దాన్ని పిలుచుకొచ్చిన బీరవ్వనే ఇంకా ఆ మాట అంటున్నారు.